నలభై కేజీల న్యాయం

ఆ ఉదయం తెనాలి మీద మబ్బు పట్టి ఉంది. ఇక్కడే కురవాలా, రేపల్లె వైపు సాగిపోవాలా అన్నది ఇంకా తేల్చుకున్నట్టు లేదు. అందువల్ల న్యాయ వర్తక సేవా సంత నిర్వహణ కమిటీ సమావేశం నిర్ణీత సమయానికే, అంటే గంటన్నర ఆలస్యంగా, అధ్యక్షులు జగన్నాథరావు గారి ఇంటి వరండాలో మొదలైంది.

సంత వచ్చే ఆదివారం. ఆశయం గొప్పది. రేపల్లె అవతల సముద్రపు ఒడ్డున నాగదుర్గ, ఆమెతోపాటు మరో పదిమంది ఆడవాళ్ళు రొయ్యలు ఎండబెట్టి అమ్ముకుంటారు. ఎండబెట్టేది ఇసుక మీద. సరుకులో ఇసుక ఉందని సావుకారు ధర కోస్తాడు. వాన పడితే ఆ బాధ లేదు, కొయ్యడానికి సరుకే మిగలదు. తుపాన్ల కాలం రాకముందే వాళ్ళకి ఒక సిమెంటు చప్టా, దాని మీద రేకుల కప్పు వేయించాలని కమిటీ సంకల్పించింది. అరవై వేలు కావాలి. సంతలో మిగిలే డబ్బుతో అది జరగాలి.

అధ్యక్షులు ముప్పై ఏళ్ళు ఎరువుల వ్యాపారం చేసి, న్యాయానికి ఎక్కడా లోటు రాకుండా మూడంతస్తులు కట్టినవారు. కార్యదర్శి శోభారాణి గారు బాపట్లలో లెక్చరరుగా చేసి రిటైరయ్యారు. పండించినవాడికి సరైన ధర దక్కాలనే న్యాయ వర్తకం గురించి ఒక కాఫీ పొట్లం వెనకవైపు చదివారు. అప్పటినుంచి మామూలు వర్తకం చూస్తే ఆమెకి నిద్ర పట్టడం లేదు. తక్కిన తొమ్మిదిమందీ పెద్దమనుషులు. అందులో నేనొకణ్ణి. రైతు లేకపోతే ఫొటో నిండదని నన్ను వేశారు. నన్ను ‘కొల్లిపర’ అని పిలుస్తారు. అది మా ఊరి పేరు. పలుకుతూ ఉంటాను.

సరుకు ఎదురుగా ఉంటేగాని ధర కట్టలేమని కబురు పెట్టడంతో, నాగదుర్గ తెల్లవారి మొదటి బస్సుకి నలభై కేజీల ఎండు రొయ్యలు రెండు గోతాల్లో వేసుకుని వచ్చింది. గోతాలకి కూడా టిక్కెట్టు కొట్టారట. వరండా మెట్టు మీద కూర్చుంది.

నా పసుపు, బాపట్ల వాళ్ళ జీడిపప్పు, తాటాకు బుట్టలు అయిదు నిమిషాల్లో తేలిపోయాయి. చర్చ రొయ్యల దగ్గర ఆగింది. సంత జరిగేది కల్యాణమండపంలో. అక్కడ నీచు నిషిద్ధం. కాబట్టి రొయ్యల్ని జాబితాలో ‘సముద్ర ఉత్పత్తులు’ అని రాసి, వాసన బయటికి రాకుండా మూడు కవర్లలో కట్టాలని తీర్మానించారు.

“వాసన చూడకుండా ఎవరూ కొనరండి,” అంది నాగదుర్గ.

“చూడటం వేరు, రావటం వేరు,” అన్నారు అధ్యక్షులు. మినిట్సులో రాశారు.

తర్వాత ధర.

“ఏంటమ్మా దుర్గా, నువ్వెంత కావాలంటావ్?”

“సావుకారు కేజీకి నాలుగొందల యాభై ఇస్తాడండి. మీరు అయిదొందలు చేసి పెట్టండి, చాలండి.”

శోభారాణి గారు లేచి నిలబడ్డారు. “చూశారా? శ్రమజీవికి తన శ్రమ విలువే తెలియనివ్వలేదు ఈ సమాజం. మనం తెలియజెయ్యాలి. తొమ్మిది వందలు.”

చప్పట్లు కొట్టాం. నాగదుర్గ కూడా కొట్టింది.

అయితే తెనాలిలో బేరం ఆడకుండా ఎవరూ కొనరు. అందుకని బేరానికి ఇంకో రెండొందలు కలిపారు. పదకొండొందలు చూస్తే జనం జడుస్తారు. అందుకని రెండొందలు తగ్గింపు ప్రకటించారు. తగ్గించిన ధర మీద మళ్ళీ బేరమాడితే అది అన్యాయం కాబట్టి, బేరం నిషేధించారు. గంట చర్చ తర్వాత ధర తొమ్మిది వందల దగ్గరే ఉంది. చర్చ ఫలవంతమైందని రాసుకున్నాం.

“మరి కొసరు ఎంతెయ్యమంటారండి?” అని అడిగింది నాగదుర్గ.

తూకం అయ్యాక గుప్పెడు పైన వెయ్యడం మా వైపు ఉన్నదే. కమిటీ ఉలిక్కిపడింది.

“కొసరంటే ఉత్పత్తిదారుని గుప్పిట్లో పెట్టుకుని దోచుకోవటం,” అన్నారు శోభారాణి గారు. “రద్దు.”

“గుప్పిట నాదేనండి,” అంది నాగదుర్గ. “కొసరు లేకపోతే మళ్ళీ ఎందుకొస్తారమ్మా జనం?”

“న్యాయం కోసం వస్తారు.”

నాగదుర్గ నా వైపు చూసింది. నేను మబ్బు వైపు చూశాను.

ఇక మిగిలింది నాణ్యతా పరిశీలన. ఆ బాధ్యత అధ్యక్షులే స్వయంగా తీసుకుని, ఒక కేజీ తూయించి లోపలికి పంపారు. వంటింట్లో పరిశీలన మొదలైన వాసన వరండాలోకి రాగానే, మిగతా సభ్యులకి కూడా తమ బాధ్యత గుర్తొచ్చింది.

“మనం మనం ఒకటి,” అన్నారు జగన్నాథరావు గారు. “సభ్యుల దగ్గర లాభం తీసుకుంటే బావుండదు. అలాగని నీకూ నష్టం రాకూడదమ్మా. సావుకారు ఇచ్చే నాలుగొందల యాభయ్యే ఇస్తాం.”

అలా తలా రెండు కేజీలు. ఈలోగా శోభారాణి గారికి బాపట్ల నుంచి చెల్లెలు ఫోన్ చేసింది. చెల్లెలికి రెండు. అధ్యక్షుల వియ్యంకుడు రేపల్లెలో ఉంటారు. ఆయన ఊరి సరుకే అయినా తెనాలి నుంచి వెళితే మర్యాదగా ఉంటుంది. మూడు. మీరు మాలో ఎవరికైనా చుట్టాలైతే మీకూ ఒక పొట్లం అందే ఉంటుంది. నేనూ రెండు తీసుకున్నాను. మా ఇంట్లో ఇష్టం.

శోభారాణి గారు కాటా వైపు వంగి మెల్లిగా అడిగారు. “కొసరు వెయ్యలేదేంటమ్మాయ్?”

“రద్దు చేశారు కదమ్మా.”

“తీర్మానం ఆదివారం నుంచి అమల్లోకి వస్తుంది.”

నాగదుర్గ గుప్పెడు వేసింది. ఆమెకి వేశాక అందరికీ వెయ్యాలి. అందరికీ వేసింది. పెద్ద చెయ్యి ఆమెది.

“సావుకారు కొసరు అడగడండి,” అంది, గోతాం అడుగు దులుపుతూ. తిట్టినట్టు లేదు. ఉన్న సంగతి చెప్పినట్టే ఉంది.

ఒంటిగంటకి రెండు గోతాలూ ఖాళీ అయ్యాయి. కొసర్లకే నాలుగు కేజీలు పోయి ఉంటాయి. తెచ్చిన సరుకు యావత్తూ సంతకి వారం రోజుల ముందే అమ్ముడుపోవడం జిల్లాలో ఇదే మొదటిసారి కావచ్చని అధ్యక్షులు ప్రకటించారు. ఫొటో తీశారు. నాగదుర్గ మధ్యలో, ఖాళీ గోతాలు మడిచి చంకలో పెట్టుకుని.

“మరి చప్టా సంగతేంటి పెదనాన్నగారూ?” అని అధ్యక్షుల్ని అడిగింది.

“దానికి ఒక ఉపకమిటీ వేస్తాం,” అన్నారాయన.

అప్పుడు చినుకు పడింది. మబ్బు కూడా ఒక నిర్ణయానికి వచ్చింది. నాగదుర్గ ఫోన్ మోగింది. అవతల ఉన్నది కూతురు కాబోలు. నాగదుర్గ గట్టిగా చెబుతోంది. “అక్కడా మొదలైందా... పట్టాలు కప్పండి. ఉన్నకాడికి ఎత్తండి.” ఫోన్ కొంగులో చుట్టుకుని, వాన వైపు చూస్తూ నిలబడింది. తెల్లవారుజామున పరిచి వచ్చిన పచ్చి రొయ్యలు అక్కడ ఇసుక మీద ఉన్నాయి.

“వానలో ఎక్కడికి పోతావ్, భోజనం చేసి వెళ్ళు,” అన్నారు శోభారాణి గారు. “ఇక్కడ ఎక్కువ తక్కువలు లేవు. అందరం ఒకే వరస.”

నిజంగానే ఒకే వరసలో కూర్చోబెట్టారు. నాగదుర్గ నా పక్కన. వేడన్నం, వంకాయ ఎండురొయ్యల కూర. ఆమె తెచ్చినవే. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాం. పదకొండుమంది పళ్ళ కిందా ఇసుక కరకరలాడింది. అందరికీ వినపడింది. ఆమెకీ వినపడింది.

తలలు వంచుకుని, మారు కూడా వడ్డించుకుని తిన్నాం.