సమ్మెకాలపు ఆర్కిడ్

ఎల్బీనగర్‌లో లింగస్వామి ఇంటి పై వాటాలో అద్దెకుంటున్న ఉపేంద్ర ఆ శుక్రవారం పొద్దున ఏ పనీ పెట్టుకోకూడదని గట్టిగా నిర్ణయించుకున్నాడు. అతన్ని తప్పుపట్టడానికి లేదు. సకల జనుల సమ్మె నడుస్తోంది. బస్సులు లేవు. అతను ఫిజిక్సు చెప్పే దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటరుకు తాళం పడింది. భార్య మృదుల తెనాలిలో పుట్టింటికి వెళ్ళి, రైలు రోకోల వల్ల అక్కడే చిక్కుకుపోయింది. కాఫీ, పేపరు, మళ్ళీ కాఫీ, ఆపైన ఓ కునుకు. అంతవరకే పథకం.

మొదటి కాఫీ సగంలో ఉండగా కిటికీ గట్టు మీదున్న ఆర్కిడ్ కంటబడింది. దాని రెండాకుల మీద గోధుమరంగు మచ్చలున్నాయి.

ఆ ఆర్కిడ్ మృదులది. ఏదో పూల ప్రదర్శనలో కొని నాలుగేళ్ళయింది. ఒక్క పువ్వు పూయలేదు. ఆవిడ విసుక్కోలేదు. రోజూ దానితో మాట్లాడేది, ఉపేంద్రతో మాట్లాడేదానికన్నా కాస్త నెమ్మదిగా. చివరికి ఈ ఏడాది మొగ్గలతో ఒక కాడ వేసింది. ఊరెళ్ళేటప్పుడు, "హాల్లో ఆ మూల నీడలోనే ఉంచండి. వారానికోసారి నీళ్ళు పోస్తే చాలు" అని మరీమరీ చెప్పింది. ఉపేంద్రకు భార్య అంటే ప్రాణం. ప్రాణమైన మనిషి ఇష్టపడే మొక్కను చీకటి మూలన పడేయడం అతనికి నచ్చలేదు. జాలిపడి, పడమటి కిటికీలోకి మార్చాడు.

ఇప్పుడు ఈ మచ్చలు. మృదుల వచ్చి, పువ్వుకు బదులు ఎండిన కాడ చూస్తే? కోప్పడితే ఫరవాలేదు. ఆవిడ కోప్పడదు, ఊరుకుంటుంది. ఆ ఊరుకోవడాన్ని భరించడం అతని వల్ల కాదు.

అదృష్టం కొద్దీ ఇంటి ఓనరు లింగస్వామి ఉద్యానశాఖలో అధికారి. నల్లగొండ జిల్లా మనిషి, ఆకు వాసన చూసి తెగులు చెప్పగల సమర్థుడని పేరు. ఉపేంద్ర కుండీ పట్టుకుని మెట్లు దిగేసరికి, చౌరస్తాలోని దీక్షా శిబిరానికి బయల్దేరుతూ గేటు దగ్గర కనిపించాడు.

"లింగస్వామిగారూ, ఒక్క నిమిషం! ఈ మచ్చలేంటో కాస్త చూసి చెబుతారా?"

లింగస్వామి చటుక్కున మొహం పక్కకు తిప్పుకున్నాడు. "చూపియ్యకు సారూ! నేను సమ్మెల ఉన్న. ఆకు చూసి రోగం చెప్పుడే నా డ్యూటీ. చూసిన్ననుకో, డ్యూటీ చేసినట్టే."

"ఆఫీసరుగా వద్దండీ. ఇంటివారిగా చెప్పండి."

"ఇంటోనికి ఆకుల సంగతి ఏం తెలుస్తది? తెలిసినోడు ఆఫీసరే గద! సమ్మె అయిపోనియ్, నేనే పైకొచ్చి చూస్త."

"ఎప్పటికైపోతుందంటారు?"

"తెలంగాణ ఒచ్చినంక" అని, మొక్క వైపు పొరపాటున కూడా చూడకుండా వెళ్ళిపోయాడు.

ఉపేంద్ర మెట్లెక్కి కుండీని మళ్ళీ కిటికీలో పెట్టాడు. ఆంధ్రా నుంచి వచ్చినవాడు నల్లగొండ మనిషిని సమ్మె మానేసి పని చెయ్యమన్నాడని శిబిరంలో తెలిస్తే బాగుండదు. ఎన్నో ఏళ్ళుగా ఒకింటి వాళ్ళలా ఉంటున్నారు. టీవీ చర్చల్లో ఎవరేం తిట్టుకున్నా, కింది నుంచి పైకి సకినాలు, పై నుంచి కిందికి గోంగూర పచ్చడి ఆగలేదు. అవి ఆగడం అతనికి ఇష్టం లేదు.

దిల్‌సుఖ్‌నగర్ దాకా నడిచి, సగం షట్టరు దించిన ఇంటర్నెట్ సెంటర్లోకి వంగి దూరాడు. నాలుగు జవాబుల్లో తప్పులు కొట్టేసి, మిగిలింది టిక్కు పెట్టమని పిల్లలకు నేర్పే మనిషి. ఇక్కడ కొట్టేయడానికి ఒక్కటీ దొరకలేదు. కంప్యూటర్ చూపించిన ప్రతి రోగమూ అచ్చం తన ఆర్కిడ్‌లాగే ఉంది. చివరికి, అన్నిటికన్నా భయం పుట్టించేదే నిజమై ఉంటుందని, బాక్టీరియా కుళ్ళును ఖాయం చేశాడు. మొక్కను వేరే గదిలో ఉంచాలి. వేప కషాయం చల్లాలి. అప్పటికీ తగ్గకపోతే కాల్చిన బ్లేడుతో మచ్చలున్న ఆకులు కోసేసి, కోసినచోట దాల్చిన చెక్క పొడి అద్దాలి.

తిరిగొస్తూ దారిలో సరుకులు కొని, ఒక వేపమండ విరిచాడు. రెండు చేతుల్లోనూ సరుకులుండటంతో, కషాయం పొద్దున్నే కాచుకోవచ్చని దాన్ని మెట్ల దగ్గరున్న తన గ్రిల్ తలుపులో దోపి లోపలికెళ్ళాడు. ఈ కథలో మహా తప్పు ఏదైనా ఉంటే అదే.

సింగరేణి బొగ్గు గనుల్లో కూడా సమ్మె కాబట్టి రాత్రి కరెంటు పోయింది. మొక్కకు గాలి ఆడాలని ఉపేంద్ర కిటికీలన్నీ బార్లా తెరిచాడు. గాలి రాలేదు గాని దోమలొచ్చాయి. శనివారం పొద్దున అతను పాలకోసం గ్రిల్ తెరిచేసరికి మొహమంతా ఎర్రటి దద్దుర్లు.

కింద వాకిలి ఊడుస్తున్న లింగస్వామి తల్లి ముత్తమ్మ తలెత్తింది. గుమ్మానికి వేపమండ. మనిషి మొహాన ఎర్ర పొక్కులు. తల్లి పోసిన, అంటే ఆటలమ్మ వచ్చిన ఇంటికి వేపమండ కడతారని ఆమెకు ఒకరు చెప్పాలా! తల్లి పోసినప్పుడు రోగమనకూడదు. ఏమైందని అడగనే కూడదు. ముత్తమ్మ చీపురు పక్కన పెట్టి, రెండు చేతులూ జోడించి, కళ్ళు మూసుకుంది.

"సల్లంగ సూడు తల్లీ!"

డెబ్బై దాటిన పెద్దావిడ తనకు దండం పెట్టడంతో ఉపేంద్ర కంగారుపడి, ఏం చెయ్యాలో తోచక తనూ దండం పెట్టాడు. తల్లి పలికిందనుకుని ముత్తమ్మ ఒళ్ళు జలదరించింది.

మధ్యాహ్నానికల్లా మెట్ల మీద పెరుగన్నం గిన్నె ప్రత్యక్షమైంది. పెట్టినవాళ్ళు కనబడలేదు. వీధిలో తెలిసినవాళ్ళు అతన్ని చూసి ఆమడదూరం జరుగుతున్నారు. లింగస్వామి కూడా దూరం నుంచే తలవంచుకుని వెళ్ళిపోయాడు. "అయితే వీళ్ళు కూడా నన్ను ఆంధ్రావాడి కిందే జమకట్టేశారన్నమాట" అనుకున్నాడు ఉపేంద్ర. ఆ బాధతోనే పెరుగన్నం మాత్రం మొత్తం తిన్నాడు.

అసలు కష్టం శిబిరానికి వచ్చింది. ఆదివారం నడిరోడ్డు మీద వంటావార్పు. మటన్ వండి అందరికీ పెట్టాలని శిబిరం కన్వీనర్ అంతయ్య వారం నుంచీ చెప్పుకొస్తున్నాడు. మసాలా నూరాల్సింది ముత్తమ్మ. ఆమె ససేమిరా అంది.

"తల్లి ఉన్న ఇంట్ల మసాలా నూర్తరా? పోపు గూడ పెట్ట. పెరుగన్నం కలుపుత, తినుండ్రి."

అంతయ్య లబోదిబోమన్నాడు. "పెద్దమ్మా, తల్లి ఒచ్చింది పైన ఆంధ్ర సారుకు గద! మన మటన్ ఎందుకాగాలె? జర సోచాయించు. గిదేదో సమ్మెను కమ్జోర్ చేసే కుట్ర లెక్కుంది."

"నోర్ముయ్! తల్లికి ఆంధ్ర, తెలంగాణ ఉంటదారా?"

ఆదివారం శిబిరంలో అందరూ మటన్ తలుచుకుంటూ పెరుగన్నం తిన్నారు. తిన్నాక ముత్తమ్మ ఇంకో మాట చెప్పింది. ఆదివారం మంచిది, పై సారుకు పెండ్లాం కూడా దగ్గర లేదు, మనమే పసుపు, వేపాకు కలిపిన నీళ్ళు పోసి తల్లిని సాగనంపాలి. గంగాళంతో నీళ్ళు కాగాయి.

అదే సమయానికి పైన ఫోను మోగింది. మృదుల. "లింగస్వామిగారు అంతా చెప్పారు. ప్రైవేటు బస్సులో ఉన్నా, సాయంత్రానికి వచ్చేస్తా..." అంటుండగా సిగ్నల్ పోయింది.

ఆర్కిడ్‌ను చూడనే చూడనన్న మనిషి, దాని గురించి భార్యకు ఫోన్ చేసి మరీ చెప్పాడా! కషాయం రెండుసార్లు చల్లినా మచ్చలు పోలేదు. ఆకులు పోయినా కనీసం మొగ్గలైనా దక్కాలి. ఇక కోత తప్పదు. ఉపేంద్ర స్టవ్ వెలిగించి బ్లేడు కాల్చాడు. కిటికీలోని మొక్క ఆకును ఎడమచేత్తో పట్టుకున్నాడు. "క్షమించు మృదులా" అని పైకే అన్నాడు.

సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని ముత్తమ్మ, వెనక గంగాళం మోస్తూ లింగస్వామి, అంతయ్య, ఆ వెనక శిబిరంలో సగం మంది లోపలికొచ్చారు. మొహాన పొక్కులు, చేతిలో పొగలుగక్కే బ్లేడు, నోట భార్య పేరు. ముత్తమ్మ కెవ్వుమంది.

లింగస్వామి గంగాళం దించేసి ఒక్క అంగలో వచ్చి అతని చెయ్యి పట్టుకున్నాడు. "సారూ! పాణం తీసుకునేంత కష్టం ఏమొచ్చె?"

"నా ప్రాణం కాదండీ, ఆకు! ఆకు కోస్తున్నా!"

లింగస్వామి చూపు ఆకు మీద పడింది. అంతే. సమ్మె, ప్రతిజ్ఞ, శిబిరం అన్నీ మరిచిపోయాడు.

"కోస్తవా? దిమాక్ ఉన్నదా? కుళ్ళైతే మెత్తగ నీరు కారాలె, వాసన రావాలె, పక్క ఆకుకు పాకాలె. గిది ఎండిన కాయితం లెక్కుంది. ఎండ తగిలిన దిక్కే ఉంది. గిది ఎండదెబ్బ! ఎవడు పెట్టిండు దీన్ని పడమటి కిటికీల?"

"నేనేనండీ... పాపం, చీకట్లో ఉందని."

"దాన్ని నీడకు పెట్టు. మచ్చ మానదు, గని పాకదు. ఉన్న ఆకులే మొగ్గకు తిండి. అవి కోస్తే మొగ్గ రాలిపోతది."

అంతయ్య గొంతు సవరించుకున్నాడు. మటన్ మానుకున్న బాధ అతని మొహంలో ఇంకా ఉంది.

"లింగస్వామన్నా, నువ్విప్పుడు డ్యూటీ చేసినవ్."

లింగస్వామి నాలిక కరుచుకున్నాడు. అంతలోనే తలెత్తాడు.

"నేనేమన్న మందు రాసిన్నా? కోసుడు బంద్ అన్న. మందులు బంద్, ముట్టుడు బంద్. బంద్ చెయ్యమనుడు డ్యూటీ ఎట్లయితది అంతయ్యా? అది మన పిలుపే గద!"

అంతయ్య ఎటు తిప్పి చూసినా ఆ మాటలో తప్పు దొరకలేదు. ఇంతలో ముత్తమ్మ ఉపేంద్ర గడ్డం పట్టుకుని మొహం వెలుగులోకి తిప్పింది. "ఓయమ్మా, తల్లి గాదు, గివి దోమకాట్లు!" అంది. దండాలు, పెరుగన్నం, వీధి జనం తప్పుకోవడం అన్నీ అప్పుడు ఉపేంద్రకు అర్థమయ్యాయి. వాళ్ళు తనని వెలివేయలేదు, తనకోసం పోపు కూడా మానేశారు. అతని కళ్ళు చెమర్చాయి. ఏదో అనబోయాడు గానీ, కాచిన నీళ్ళు పారబొయ్యడం ఇష్టంలేని ముత్తమ్మ గంగాళం ఎత్తించి అతని నెత్తిన కుమ్మరించింది.

మృదుల వచ్చేసరికి మొగుడు పసుపురంగులో, జుట్టునిండా వేపాకులతో హాలు మధ్య నిలబడి ఉన్నాడు. ఒళ్ళంతా తడిమి చూసింది. ఏ జబ్బూ లేదని తేలాక కాసేపు ఏడ్చింది. ఏడుపయ్యాక మూలకు చూసింది. నీడలో ఆర్కిడ్. మచ్చలున్న ఆకుల మీద నుంచి లేచిన కాడకు మొదటి మొగ్గ ఊదారంగులో విచ్చుకోబోతోంది.

"నాలుగేళ్ళు నేనెంత చాకిరీ చేసినా పూయలేదు. మీరేం చేశారండీ దీనికి?" అంది ఆశ్చర్యంగా.

ఉపేంద్ర నోరు తెరిచాడు. గుమ్మంలో నిలబడ్డ లింగస్వామి తల అడ్డంగా ఊపాడు.

"ఏమీ చెయ్యలేదు" అన్నాడు ఉపేంద్ర. మృదుల అతని వైపు మెచ్చుకోలుగా చూసింది.

ఇరవై ఏళ్ళ కాపురంలో ఆ మాటకు అతనికి మెప్పు దక్కడం అదే మొదటిసారి.