కాంపౌండరు గారి తెల్లచుక్కల వైద్యం

ఆ ఉదయం కాంపౌండరు గారికున్న పని ఒక్కటే: కోడలి గోల్డ్‌ఫిష్ జంటకు చిటికెడు మేత వెయ్యడం. మూడు రోజుల ట్రైనింగుకు వెళ్తూ, "ఇవి గుడ్లు పెట్టాలని రెండేళ్లుగా చూస్తున్నాను మామయ్యగారూ. మేత తప్ప ఇంకేమీ వెయ్యకండి," అని అప్పగించింది. కాపురానికొచ్చాక ఆ అమ్మాయి తనను నమ్మి ఒక పని చెప్పడం అదే మొదలు. ఆయన పొంగిపోయారు.

మేత వేస్తూ కళ్లజోడు సర్దుకుని చూశారు. మగచేప చెంపల మీద ఉప్పురవ్వల్లాంటి తెల్లచుక్కలు! "తెల్లమచ్చల జబ్బు! పురుగు పట్టింది," అంటూ చేపల దుకాణానికి పరుగెత్తి నీలం మందు తెచ్చారు.

పెట్టె మీది రాత చదివింది భార్య. "ఒళ్లంతా వస్తాయని ఉందిగా ఇందులో? వీడికి చెంపల మీదేగా ఉన్నాయి. అమ్మాయికో ఫోన్ కొట్టరాదూ?"

"ముప్పయ్యేళ్లు మందులు కలిపిన చెయ్యే ఇది! ఒళ్లంతా పాకేదాకా ఆగమంటావా? పాపం, పిల్లను అక్కడ కంగారు పెట్టడమెందుకు?"

నీళ్లు వెచ్చబెట్టారు. కొలిచి ఉప్పు వేశారు. పది చుక్కలు మందు వేసి, వేళ్లు నీలమయ్యాయని సీసా అలాగే వదిలేసి చేతులు కడుక్కోవడానికి వెళ్లారు. ఆ ఇంట్లో ఆయన పెట్టిన రూలొకటుంది. మందు వేశాకే మూత బిగించాలి. మూత తీసి ఉందంటే ఇంకా వెయ్యలేదన్నమాట. ఆవిడ రూలు తప్పే మనిషి కాదు. మరో పది చుక్కలు వేసి మూత బిగించింది.

ఆయన తిరిగొచ్చేసరికి తొట్టి సిరాబుడ్డిలా ఉంది. చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి.

"కొంప మునిగిందే! బకెట్లు తే!"

నీళ్లు మార్చే హడావుడిలో గచ్చూ కర్టెన్లూ ఆయన తెల్లచొక్కా నీలమయ్యాయి. ఎలాగో చేపలు తేరుకున్నాయి. తేటపడ్డ నీళ్లలో, మొక్కల ఆకులకు అంటుకుని సన్నటి పూసలు కనిపించాయి.

"చూశావా? పురుగు గుడ్లు! నా కళ్లు కప్పుదామనే!" అని మొక్కలన్నీ పీకి చెత్తబండి ఎక్కించారు.

మూడోనాడు కోడలు వచ్చింది. ఆయన తన వైద్యమంతా పూసగుచ్చినట్టు చెప్పారు.

"అది జబ్బు కాదు మామయ్యగారూ. జతకట్టే రోజుల్లో మగచేపకు చెంపల మీద అలాగే వస్తాయి. పెళ్లికళ!" అని నవ్వబోయి, తొట్టిలోకి చూసింది. "మొక్కలేవీ?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకోసాగారు. పూసల సంగతి భార్యే చెప్పింది. కోడలి కళ్లు చెమర్చాయి.

"పోనీలెండి. బతికించాలనేగా చేశారు," అంది.

నాలుగు తిట్టినా బాగుండేది. ఫోన్ చెయ్యనిది పిల్ల కంగారు పడుతుందని కాదు, తన గొప్ప తగ్గుతుందని. ఆ సంగతి ఆయనకు తెలుసు. సిగ్గుతో తల వాలిపోయింది. "తప్పయిపోయిందమ్మా," అన్నారు.

కొన్నాళ్లకు మళ్లీ చుక్కలు కనిపించాయి. ఆయన వెంటనే కోడలి ఆఫీసుకు ఫోన్ చేశారు. "అమ్మా, వాడికి పెళ్లికళ వచ్చింది. ఒట్టు, నేను దగ్గరకు కూడా వెళ్లలేదు."

ముప్పయ్యేళ్ల సర్వీసులో రెండోసారి చిక్కి కూడా ఆయన చేతి మందు పడకుండా బయటపడ్డ మొదటి పేషెంటు ఆ చేపే.