గేటు పక్కన తాత పంపు

"మా గేటు లోపలికి పరాయి పంపు అడుగు పెట్టకూడదు!"

ఈ ప్రకటన చేసినవారు కోయంబత్తూరు వరదప్ప పంపుల కంపెనీకి మూడో తరం యజమాని, మా సంఘానికి అధ్యక్షులు, శ్రీ కల్యాణసుందరం నాయుడు గారు. చేసిన చోటు నేను కార్లు బాగుచేసే షెడ్డు. ఎదురుగా ఉన్న సభ ముగ్గురు: నేను, ఆయన కూతురు వినోదిని, బానెట్ ఎత్తిపెట్టిన ఆమె కారు. అయినా వేదిక మీద ఉన్నట్టే చెయ్యి పైకెత్తారు. చప్పట్లు పడితే గాని ఆ చెయ్యి దిగదు కాబట్టి నేనే కొట్టాను.

మా వాళ్ళ సంగతి కొంచెం చెప్పాలి. ఎన్నో తరాల కిందట తెలుగునేల నుంచి ఈ తమిళదేశానికి వచ్చి, పత్తి పండించి, మిల్లులు పెట్టి, ఆ తరవాత పంపులు చెయ్యడం మొదలుపెట్టాం. ఇప్పుడు మాలో ప్రతి పెద్ద ఇంటికీ గేటు పక్కన ఒక అరుగు, అరుగు మీద ఒక తాత పంపు. అంటే తాత తన చేతులతో చేసిన మొదటి పంపన్నమాట! దానికి పూలమాల, పసుపు కుంకుమ, ఎప్పుడూ పడుతూ ఉండే నీటిధార. ధార ఎంత లావుంటే వంశం అంత గొప్పది. ప్రయాణమయ్యేవాళ్ళు ఆ నీళ్ళు బండిమీద చల్లించుకుని గాని కదలరు. కల్యాణసుందరం గారి తాత పంపు డెబ్బై రెండేళ్ళుగా ఒక్క క్షణం కూడా ఆగలేదని సంఘం సావనీరులో అచ్చయింది. అచ్చయినదాన్ని కాదనే ధైర్యం నాకు లేదు.

ఇక కారు జబ్బు. టర్బో ఇంజను గాలిని దట్టించి మింగుతుంది. దట్టించిన గాలి కాగిపోతుంది. దాన్ని చల్లార్చే పెట్టెలో నీళ్ళు తిరుగుతూ ఉండాలి, ఆ నీళ్ళు తిప్పడానికి పిడికిలంత పంపు కావాలి. వినోదిని బండిలో చచ్చింది అదే. ఆదివారం బోడినాయకనూరు పైన ఒక ఏలకుల ఎస్టేటులో కొండెక్కే కార్ల పందెం. ఆ పిల్ల రెండేళ్ళుగా దానికోసం తయారవుతోంది. సాధన రోజున మూడో మలుపులో బండి నీరసించి నిలబడిపోయింది. సంఘం పెద్దలు చూశారు. తండ్రి పరువు పోయింది కాబట్టి తీర్పు వచ్చింది: ఇంకొక్కసారి ఆగితే సోమవారం బండి అమ్మకం, మంగళవారం నుంచి వినోదిని ప్యాకింగ్ సెక్షన్ మేనేజరు!

"నిమిషానికి ఇరవై లీటర్లు తిప్పే పన్నెండు వోల్టుల పంపు చాలయ్యా. శబ్దం లేకుండా, ఆగకుండా తిరగాల. మీ కంపెనీలో ఆ రకం లేదు, బయటినుంచి తెప్పించాల," అని నేను అన్నాను.

దానికి వచ్చిన జవాబే పై ప్రకటన.

పంపును ఎంపిక చెయ్యడానికి కమిటీ వేశారు. అధ్యక్షులు ఆయనే. కార్యదర్శి ఆయన మేనేజరు సత్యరాజ్. మర్నాడే సమావేశం.

"ఎంత లోతు నుంచి తోడాలప్పా సేతురామా?" అని అధ్యక్షులు విచారణ మొదలుపెట్టారు.

"లోతు లేదయ్యా," అన్నాను.

"సరి, ఎంత ఎత్తుకు ఎక్కాల?"

"ఎత్తూ లేదయ్యా. నీళ్ళు బయలుదేరిన చోటికే తిరిగొస్తాయి."

"ఊరికే చుమ్మా తిరిగేదానికి పంపెందుకప్పా?"

"మన సంఘం మీటింగు మాదిరి నైనా. తిరగడమే పని," అంది వినోదిని.

సత్యరాజ్ గొంతు సవరించుకున్నాడు. "సార్, ఎన్ని ఎకరాలు పారాలో చెప్పండి. ఫారంలో కాలమ్ ఉండాది."

"కారప్పా ఇది!" అన్నాను.

"ఖాళీగా వదిలితే కంప్యూటరు ఒప్పుకోదు సార్."

చివరికి అరెకరం అని రాశాడు. అరెకరానికి అర హార్స్‌పవర్ అని కంప్యూటరు తేల్చింది. గురువారం నా షెడ్డులో పద్నాలుగు కిలోల ఇనప పంపు దిగింది! డిక్కీలో స్పేర్ చక్రం తీసేసి దాన్ని బిగించారు, దానికి కరెంటు కోసం ఇన్వర్టర్ పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు. స్విచ్ వేశారు. రబ్బరు గొట్టం ఊడి, గులాబీరంగు కూలెంటు నీళ్ళు అధ్యక్షుల తెల్ల పంచెను నిలువునా తడిపాయి.

"పవర్ చూసినావా!" అన్నారాయన ముఖం తుడుచుకుంటూ.

సాయంత్రానికి కమిటీ నివేదిక వచ్చింది. పంపులో లోపం లేదు, పంపుకు తగిన కారు కాదు. నాకు ఒళ్ళు మండింది. వినోదిని మాత్రం తడిసిన గొట్టాలు తుడిచి పక్కన పెట్టింది. అది చూడలేక రహస్యంగా బయటి పంపుకు ఆర్డరు పెట్టాను. మంగళవారం వస్తుందన్నారు.

శనివారం సాయంత్రం, ఇక నావల్ల కాదని చెప్పడానికి వాళ్ళింటికి వెళ్ళాను. అధ్యక్షులు సంఘంలో ఉన్నారు. వినోదిని తాత పంపు అరుగు మీద కూర్చుని ఉంది. చేతులు కడుక్కుందామని ఒక చెయ్యి ధార కింద పెట్టి, మరో చెయ్యి పంపుకు ఆనించాను. ముప్పై ఏళ్ళుగా ఇంజన్లు పట్టిన చెయ్యి నాది. పంపు చల్లగా, కదలకుండా ఉంది. సన్నని వణుకు అరుగు లోపలినుంచి వస్తోంది.

ఇంతలో తోటమాలి ఇరుళప్పన్ వచ్చి, మందారచెట్టు వెనక చెయ్యిపెట్టి ఏదో నొక్కాడు. ధార ఆగింది!

"ఏమప్పా, డెబ్బై రెండేళ్ళది నిలిపేస్తివే!" అన్నాను.

"దినమూ నిలిపేదే సార్. పొద్దుపోతే చూసేదెవురు? తెల్లారి మళ్ళా వేస్తాను."

అరుగు వెనక చిన్న తలుపు తెరిచి చూపించాడు. లోపల పిడికిలంత నల్ల పంపు. పన్నెండు వోల్టులు. ఒంటినిండా జర్మనీ అక్షరాలు.

"తాత పంపు నా పెండ్లికి ముందరే కాలిపోయింది సార్. మన కంపెనీది పెడితే గడగడమని శబ్దం, వచ్చినోళ్ళకి తెలిసిపోతాది. అందుకని అయ్యగారే కారుకు పెట్టే పంపు తెప్పించినారు. ఇది పోయిన నెలే మార్చినాము."

అంటే కమిటీ లేకుండా, ఎకరాలు అడక్కుండా, శబ్దం చెయ్యని, ఆగకుండా తిరిగే పంపును ఎంచడం ఆయనకు భేషుగ్గా తెలుసు! గేటు దగ్గర పరువుకు పనికొచ్చిన పంపు కూతురి బండికి పనికిరాలేదు.

వినోదిని వంగి ఆ పంపు బిగించిన బోల్టులు చూసింది. తరవాత లేచింది.

"అన్నా, స్పానర్ తెచ్చినావా?"

ఆదివారం తెల్లవారుజామున పదకొండుమంది పెద్దలు గేటు దగ్గర చేరారు. అందరూ పంపుల కంపెనీలవాళ్ళే. కల్యాణసుందరం గారు తాత పంపుకు మాల వేసి, దండం పెట్టి, ఇత్తడి చెంబు ధార కింద పట్టారు. ధార లేదు. చెంబు కొంచెం కదిపి పట్టారు. అయినా లేదు.

"ఇరుళప్పా!"

ఇరుళప్పన్ మందారచెట్టుకు పూలు లెక్కపెడుతున్నాడు.

వినోదిని బానెట్ ఎత్తింది. "తాత ఇక్కడుండాడు నైనా. నీళ్ళు బండిమీద చల్లొద్దు, లోపలే తిరుగుతుండాయి."

పదకొండుమందీ వంగి చూశారు. కళ్ళజోళ్ళు సవరించుకుని జర్మనీ అక్షరాలు చదివారు. నేను నవ్వుల కోసం కాచుకున్నాను. పక్కవాడి కంపెనీలో ఒక బోల్టు విరిగితే రెండేళ్ళు నవ్వుకునే మనుషులు వీళ్ళు! ఒక్కరూ నవ్వలేదు. ఎవరికివారు ఇంట్లో పనుందని వెళ్ళిపోయారు. కల్యాణసుందరం గారు ఖాళీ చెంబు పట్టుకుని అలాగే నిలబడ్డారు.

బండి మూడో మలుపు దాటింది. ఆ పైవన్నీ దాటింది. వినోదిని రెండో బహుమతి తెచ్చుకుంది. బండి అమ్మకం మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఆ సంతోషానికి నేను ఆ పూట షెడ్డు మూసేసి ఇంటికి పోయాను.

పెద్దలు ఎందుకు నవ్వలేదో సోమవారం తెలిసింది. పొద్దున్నుంచీ ఫోన్లే.

"సేతూ, ఆ పంపు పేరేమప్పా? మా తాత ఈ మధ్య శబ్దం ఎక్కువ చేస్తుండాడు."

"మా తాతకు కూడా ఒకటి. ఎవురికీ చెప్పొద్దు."

మధ్యాహ్నానికి తొమ్మిదిమంది తాతలయ్యారు. పదో ఫోన్ అధ్యక్షులది.

"అదే రకం ఇంకొకటి తెప్పించప్పా. తొందరగా."

"రేపే వస్తుందయ్యా. నేనే తెచ్చి గేటు దగ్గర ఇస్తాను," అన్నాను.

అవతల గొంతు లేచింది. చెయ్యి కూడా లేచే ఉంటుంది.

"గేటా! మా గేటు లోపలికి పరాయి పంపు అడుగు పెట్టకూడదని ఎన్నిసార్లు చెప్పాలప్పా నీకు? వెనక గోడ మీంచి ఇరుళప్పన్‌కి అందించు!"