ఆనందం కారు చక్రాల మసి

ఆ ఆదివారం పొద్దున ఆనందం వేసుకున్న పథకం చాలా చిన్నది. కారు చక్రాలు తోమి, స్నానం చేసి, తెల్లచొక్కా తొడుక్కుని, ఓర్వకల్లు విమానాశ్రయానికి పోయి బిషప్పుగారిని ఎక్కించుకుని గుడికి తేవడం. ఈ గౌరవం కోసం అతనూ, తోటి సంఘపెద్ద జోసెఫూ పోటీలుపడి పాస్టరు శామ్‌గారి ఇంటి గడప అరగదీశారు. చివరికి ఆనందానికే దక్కింది. అప్పటినుంచీ జోసెఫ్ ఎదురుపడితే చాలు నవ్వుతున్నాడు. ఆ నవ్వే ఆనందానికి గుబులు.

కారు పాతది కొన్నాడు. పైకి తెల్లగా బాగానే ఉంది గానీ చక్రాలు మాత్రం పెనం అడుగులా ఉన్నాయి. మునుపటాయన నల్లమల ఘాటురోడ్డులో బ్రేకు మీది కాలు తీయకుండా తిప్పినట్టున్నాడు. బ్రేకులు అరిగి రాలిన ఇనుపపొడి ఆ వేడికి మాడి చక్రాలకు అంటుకుపోయింది. సబ్బునీళ్లు పోస్తే చక్రం తడిసింది, అంతే.

"ఏమయ్యా, ఇత్తడి బిందె తోమినట్టు తోమితే పోదా?" అంటూ భార్య విశ్వాసమ్మ చింతపండూ ఉప్పూ తెచ్చిచ్చింది. పోలేదు. నిమ్మకాయలు కోసిచ్చింది. ఆనందం గొంతుక్కూర్చుని చక్రాలన్నిటికీ చెక్కలు రుద్దుతూ, రసం అయిపోయినవి టైర్ల కిందే పడేస్తూ పోయాడు.

వాకిలి ఊడ్చుకోవడానికి వచ్చిన ఎదురింటి కృష్ణవేణమ్మ అది చూసి చీపురు కింద పెట్టేసింది.

"ఆనందమన్నా! బండికి పూజ చేస్తాండావా?"

"పూజా లేదు, గీజా లేదు. మసి తీస్తాండా."

"పెద్దాయన ఎక్కే బండి, ఎన్ని కండ్లు పడినాయో ఏమో! సిగ్గెందుకన్నా, నేనెవురికీ చెప్పన్లే."

పైగా లోపలికి పోయి కుంకుమ పొట్లం తెచ్చి బానెట్ మీద పెట్టి మరీ పోయింది. ఆమె ఎవరికీ చెప్పకపోవడం ఎంత వేగంగా జరిగిందంటే, కాసేపట్లోనే వీధి చివరి ఇంట్లోంచి కూడా తలలు బయటికి వచ్చాయి.

అప్పుడు ఆనందానికి, కర్నూలులో స్పేరుపార్టులు అమ్మే భూపేష్ ఇచ్చిన సీసా గుర్తొచ్చింది. "ఇది కొట్టు పెదనాయనా, ఇనుము యాడున్నా కరిగించి లాగేస్తాది" అన్నాడు గానీ, ఎట్లా లాగుతుందో చెప్పలేదు. ఆనందం దండిగా కొట్టాడు. మందు పనిచేసింది. ఇనుపపొడి కరిగేకొద్దీ చక్రాల నుంచి ఎర్రటి ధారలు కారసాగాయి. దాంతోపాటే కుళ్లిన కోడిగుడ్ల కంపు. గాబరాపడి బకెట్ల కొద్దీ నీళ్లు కుమ్మరించాడు. ఆ ఎర్రనీళ్లు నిమ్మచెక్కలను తేల్చుకుంటూ గేటు దాటి వీధిలోకి పోయాయి.

సరిగ్గా అప్పుడే జోసెఫ్, పాస్టరుగారిని ఎక్కించుకొచ్చి తన కొత్త కారును గేటుకు అడ్డంగా ఆపాడు.

"చూసినారా అయ్యగారూ? నేను చెప్తే నమ్మలా! నిమ్మకాయలు, కుంకుమ, నెత్తురు. కోడిని గూడా కోసినాడు!"

"కోడి యాడుండాదప్పా? అది సీసాలోది!"

"సీసాలో గూడా పట్టి పెట్టినావా!"

పాస్టరుగారు ముక్కు మూసుకున్నారు. "ఆనందం, నువ్వు ఈడనే ఉండు. జోసెఫ్ బండి పోతాది."

ఆనందం చేతిలోని బకెట్ కింద పెట్టేశాడు. జోసెఫ్ ఠీవిగా కారెక్కి, స్టార్టు చేసి, కిందికి తొంగిచూశాడు. ముందు టైర్లకు ఆనుకుని నిమ్మచెక్కలు. వెనక టైర్ల చుట్టూ ఎర్రనీళ్లు. బండి ఆపి దిగాడు.

"అయ్యగారూ, ఎవరన్నా కొంచెం ఆ నిమ్మకాయలు తీస్తే..."

"వాటికి ఏ శక్తీ లేదని దోవ పొడుగునా చెప్తా వచ్చినావు గదా?"

"శక్తి లేదయ్యగారూ. టైర్లు కొత్తవి."

"ఆనందం, నువ్వు తీయప్పా."

"నేను తీయను. తీస్తే నేనే పెట్టినానని ఒప్పుకున్నట్టు."

పాస్టరుగారు తామే వంగబోయి, వీధంతా తమనే చూస్తుండటం గమనించి, నడుము సర్దుకున్నట్టు నిలబడిపోయారు. అయ్యగారే దిష్టి తీశారని సాయంత్రానికల్లా ఊరు ఊరంతా అనుకుంటుంది మరి. ఆనందం కారు గేటు లోపల. జోసెఫ్ కారు గేటుకు అడ్డం. నెత్తి మీద విమానం మోత.

"మా ఆయన బండి ఉండాది గదయ్యా," అంది కృష్ణవేణమ్మ, ఇంతసేపూ ఎవరూ అడగలేదే అన్నట్టు.

అలా బిషప్పుగారు ఆమె మొగుడు ఓబుళేశు కారులో వచ్చారు. బంపరుకు కట్టిన నిమ్మకాయల, మిరపకాయల దండ దారంతా ఊగుతూనే ఉంది. వెనక సీట్లో పాస్టరుగారు పక్క కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నారు. గుడి ముందు దిగిన బిషప్పుగారు, బండి ఎవరో సంఘస్తుడిదే అనుకుని, "భద్రంగా తెచ్చినావు నాయనా, దీన్ని దీవించాల్సిందే" అంటూ బానెట్ మీద చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని, బండి కోసం, బండి నడిపేవాడి కోసం, వాడి ఇంటిల్లిపాది కోసం చాలాసేపు ప్రార్థన చేశారు. ఓబుళేశు కాదనలేదు. వీధి జనంతో పాటు నడిచొచ్చి గోడ పక్కన నిలబడిన ఆనందం ఒకసారి ఇంటివైపు చూశాడు. అక్కడ తన కారు చక్రాలు తోమిన వెండిపళ్లాల్లా మెరుస్తున్నాయి, చూసేవాళ్లు లేక.

అందరికన్నా గట్టిగా ఆమెన్ అన్నది కృష్ణవేణమ్మే.