నంద్యాల ఓడరేవు

"నంద్యాలకు సముద్రం లేకపోవడం తెల్లదొరల కుట్ర!" అని మంత్రిగారు మునిసిపల్ మైదానంలో ప్రకటించగానే చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను. విలేకరినని ముందు వరసలో కుర్చీ వేసి టీ ఇచ్చారు, కొట్టకపోతే ఏం బాగుంటుంది?

కొత్తగా ఆంధ్ర రాష్ట్రం వచ్చి రెండేళ్ళయింది. కర్నూలుకు రాజధాని వచ్చింది, మరి మాకేమొచ్చిందని నంద్యాల జనం అడుగుతున్నారు. అందుకని ఊరి కాలవలో తిరగడానికి రెండు స్తంభాల తెరచాప ఓడ మంజూరు చేశారు. అచ్చం పాతకాలపు దొరల ఫ్యాషన్. టేకు చెక్క, ఇత్తడి కటకటాలు, మఖమల్ సోఫాలు. దీన్ని స్కూనర్ అంటారట. ఆ మాట పలకడానికి మంత్రిగారు వారం రోజులు ప్రాక్టీసు చేశారు.

పని ఆళ్ళగడ్డ గురవయ్య ఆచారికి అప్పగించారు. మూడు తరాలుగా దేవుడి తేర్లు చేసే ఇల్లు వాళ్ళది.

"ఓడ ఎప్పుడైనా చూసినావా?" అన్నాడు ఇంజనీరు.

"లేదు సార్. మీరు?"

ఇంజనీరు వెంటనే మాట మార్చి, విలాయతీ బిస్కెట్ల డబ్బా మూత ఒకటి చేతికిచ్చాడు. మూతమీద సముద్రంలో పోతున్న ఓడ బొమ్మ ఉంది. అదే ప్లాను. దానిమీద మూడు సంతకాలు, ఒక సీలు కూడా ఉన్నాయి.

ఈ మహత్కార్యంతో యశోదమ్మకు కూడా సంబంధం ఉంది. కాలవ చివర, ఆళ్ళగడ్డ రోడ్డు పక్కన ఆమెకు రెండెకరాల వరిమడి. పైరు పొట్టకొచ్చింది, కాలవలో నీళ్ళు లేవు. ఆఫీసుకు పోయి అడిగితే, "నీళ్ళన్నీ ఓడకు రిజర్వు చేశాం. ఓడ కాలవలో దిగే రోజే గేట్లెత్తుతాం" అన్నారు. చెప్పాల్సిన పద్ధతిలో, రూల్సు ప్రకారమే చెప్పారు పాపం.

అప్పటినుంచి ఆమె దినమూ గురవయ్య కొట్టం దగ్గరే.

"గురవయ్యన్నా, ఇంగెన్ని దినాలు? మడి ఎండిపోతాండాది. బేగా కానీ!"

"చేస్తాండా గదమ్మా. నాకేమన్నా పది చేతులుండాయా?"

ఆమె ఇంక ఆగలేక తనే కూర్చుని తెరచాపలు కుట్టింది. 'నౌకా నిర్మాణంలో మహిళల ఉత్సాహం' అని నేను వార్త పంపాను.

ప్రారంభోత్సవం రోజు ఓడ వచ్చింది. అబ్బ, ఏం ఓడ! తెరచాపలు గాలికి ఉబ్బాయి, ఇత్తడి తళతళలాడుతోంది. ముందు రెండు మోకులు, మోకులు పట్టుకుని నాలుగు వందలమంది, "గోవిందా!" అంటూ లాగుతున్నారు. ఓడ కింద ఆరు చక్రాలు.

ఇంజనీరు వంగి ఓడ కిందికి చూశాడు. "చక్రాలేందప్పా?"

"బొమ్మలో నీళ్ళ కింద ఏముండాదో కనపళ్ళేదు సార్. ఇంత బరువు మోయాలంటే కింద చక్రాలుండాల్సిందే గదా. వాన నీళ్ళు నిలవకుండా అడుగు చెక్కలకు సందులు కూడా పెట్టినా."

"కాలవలో దించితే?"

"మునిగిపోతాది" అన్నాడు గురవయ్య, ఏమీ దాచుకోకుండా.

మంత్రిగారు ఒక నిమిషం ఆలోచించారు. ఆయన ఆలోచిస్తుండగా చూడటం నాకదే మొదటిసారి. తర్వాత మైకు అందుకున్నారు.

"సోదరులారా! లోకంలో ఓడలన్నీ నీళ్ళను నమ్ముకుని బతుకుతున్నాయి. మన ఓడ ఒక్కటే స్వతంత్రంగా నిలబడింది! చుక్క నీరు ఖర్చు కాలేదు! కాబట్టి గేట్లెత్తే అవసరమే లేదు!"

చప్పట్లు మోగాయి. నాకెందుకో ఈసారి చేతులు లేవలేదు.

"సామీ, మరి నా మడి?" అంటూ యశోదమ్మ ముందుకొచ్చింది.

"ఏదమ్మా, చూపించు" అన్నారు మంత్రిగారు ఎంతో ఆప్యాయంగా. ఆమె ఆశగా చూపించింది. రోడ్డు పక్కనే, చదునుగా, ఎండి గట్టిగా ఉంది. ఎంత బరువైనా చక్రాలు దిగబడవు. ఓడను నిలపడానికి అంతకంటే మంచి చోటు జిల్లాలో లేదని ఇంజనీరు అక్కడికక్కడే సర్టిఫై చేశాడు.

మరుసటి రోజు మడిలో ఓడ, ఓడ పక్కన బోర్డు వెలిశాయి. 'నంద్యాల ఓడరేవు. లోతు ఎక్కువ. దిగరాదు.' కాపలాకు బంట్రోతు రాజరత్నాన్ని పెట్టారు.

చక్రాలు తొక్కగా మిగిలిన పైరు బర్రెల మేతకైనా వస్తుందని యశోదమ్మ కొడవలి పట్టుకుని మడిలో దిగింది. రాజరత్నం విజిల్ ఊదుకుంటూ పరిగెత్తాడు.

"అక్కా, దిగొద్దు! బోర్డు చూళ్ళేదా? మునిగిపోతావ్!"

చెయ్యి పట్టి గట్టుమీదికి లాగేశాడు.

సంగతి మంత్రిగారికి తెలిసి, నిండు ప్రాణం కాపాడినందుకు రాజరత్నానికి మెడల్ ప్రకటించారు. ఫోటోగ్రాఫర్‌ను వెంటబెట్టుకుని నేనే పోయాను. యశోదమ్మను గట్టుమీద నిలబెడితే అతను పెదవి విరిచాడు.

"మునిగిన మనిషి ఇంత పొడిగా ఉంటే ఎవరు నమ్ముతారు?"

రాజరత్నం తాగడానికి తెచ్చుకున్న కడవెడు నీళ్ళు ఆమె నెత్తిన కుమ్మరించారు.

"అయ్యో, నామీద పోస్తారేంది సామీ! ఆ మడిలో పోయండి!"

"కదలొద్దమ్మా" అన్నాడు ఫోటోగ్రాఫర్.

క్లిక్‌మనగానే ఆమె మడిలోకి దిగింది. రాజరత్నం విజిల్ నోట్లో పెట్టుకున్నాడు గానీ ఊదలేదు. ఆమె ఇంకా కాస్త పచ్చగా ఉన్న దుబ్బు ఒకటి వెతుక్కుని, దాని మొదట్లో కూర్చుని, కొంగు పిండింది.

ఫోటో బాగా వచ్చింది. మొదటి పేజీలో వేశాం.