ఏడు కౌంట్ల జెల్లీఫిష్

ఏలూరులో పియానో సంగీతం ఒక్క సాయంత్రంలో సంపూర్ణంగా అభివృద్ధి చెందిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం.

ఈ ఘనత పియానో మేష్టారు ఉమాపతిది. చేపల వాసన వస్తే వీధి మారిపోయే పురోహితుల ఇంటి మనిషి. తాడేపల్లిగూడెంలో ఒక పెళ్ళి రిసెప్షన్‌లో శిష్యురాలు మనస్వి వాయిస్తుంటే, ఆ పిల్ల ఎడంచెయ్యి పియానో మెట్ల మీద జెల్లీఫిష్‌లా తేలి, ముడుచుకుని, మళ్ళీ తేలడం చూశాడు. ఇంకేముంది! ఆర్నెల్లు నిద్రాహారాలు మాని ‘సముద్ర జీవాలు’ కట్టాడు. తాళం లెక్కలో తిమింగలం నాలుగు కౌంట్లు, ఆక్టోపస్ మూడు, జెల్లీఫిష్ ఏడు. జెల్లీఫిష్ దగ్గర తనకే కళ్ళు చెమర్చేవి. అది ఒక్కసారి నలుగురి చెవిన పడితే చాలనుకున్నాడు.

పడాలంటే పెద్ద పియానో కావాలి. అది ఇప్పించగల కళాపోషకులు రొయ్యల రైతుల సంఘంవారే. అధ్యక్షులు గణపవరం హనుమంతరావుగారు ‘సముద్ర జీవాలు’ పేరు విని, సంగీతమంతా విన్నంత మర్యాదగా అడిగారు.

"కౌంటెంతండీ?"

"ఏడండీ."

సంఘమంతా కుర్చీల అంచుకి జరిగింది. రొయ్యల లోకంలో కౌంటంటే కిలోకి ఎన్ని తూగాయన్నది. అంకె ఎంత చిన్నదైతే రొయ్య అంత పెద్దది. ముప్ఫై వస్తేనే పండగ.

"ఇంకా తగ్గదాండీ?"

"మూడు కూడా ఉందండీ."

అధ్యక్షులవారు లేచి దణ్ణం పెట్టారు. "మరి ఏడెందుకండీ, నాసిరకం? మొత్తం ఒక కౌంటుకి తెచ్చేయండి. పియానో మాది."

తాళం సంగతి చెప్పబోయిన ఉమాపతి, పియానో గుర్తొచ్చి ఊరుకున్నాడు. ఆర్నెల్ల స్వరాలూ ఒక్కొక్కటే కొట్టేశాడు. మొత్తం ఒక కౌంటుకి తెచ్చేశాడు.

సభలో మనస్వి ఒక్క మెట్టు నొక్కి లేచింది. హాలు చప్పట్లతో దద్దరిల్లింది. హనుమంతరావుగారు గంటంబావు ప్రసంగించారు. "ఒక కౌంటు సంగీతం సాధించిన తొలి జిల్లా మనది! ఆ శబ్దం సైజు గమనించారా!" మేష్టారికి శాలువా కప్పి, భోజనాలు ప్రకటించారు.

మనస్వికి ఒళ్ళు మండిపోయింది. ఎవరినీ అడక్కుండా మళ్ళీ కూర్చుని జెల్లీఫిష్ అందుకుంది. ముందు వరస పెద్దలు వేళ్ళ మీద లెక్కపెట్టి, "ఏడొచ్చిందండీ, సరుకు చిన్నది" అని పెదవి విరిచి భోజనాలకి కదిలారు. వెనకే హాలంతా కదిలింది. ఆ పిల్ల మాత్రం చివరి స్వరం దాకా వాయించి, చెమట తుడుచుకుంటూ మేష్టారిని వెతుక్కుంటూ వచ్చింది.

"విన్నారాండీ, సార్?"

"అద్భుతం తల్లీ!" అన్నాడు ఉమాపతి, శాకాహారం వరసలో, శాలువా జారకుండా పళ్ళెం పట్టుకుని.

మేష్టారిని చూసి నవ్వకండి. ఆ వరసలో ఆయన వెనకే ఉన్నది మనమే. గుత్తొంకాయ అయిపోతుందేమోనని మెడ చాచి చూస్తున్నాం కూడా.