తేడా లేని దుమ్ము

గోదావరిఖని దుమ్ముకు క్రమశిక్షణ వచ్చింది! రోజుకు ఎంత లేవాలో అంతే లేస్తోంది. రేణువు ఎక్కువ లేదు, రేణువు తక్కువ లేదు. దుమ్ము కొలవడానికి బొగ్గు లారీల సంఘం కుదుర్చుకున్న 'స్వచ్ఛశ్వాస' అనే సంస్థ ఈ సంగతిని రంగుల రిపోర్టుగా అచ్చు వేయించి కాలనీ సభలో చదివించింది. ముప్పై రోజుల సగటు తొంభై ఎనిమిది. ప్రామాణిక విచలనం సున్నా.

సగటు వంద దాటితేనే లారీల రోడ్డు మీద నీళ్లు చల్లే ట్యాంకర్ పంపాలని కాలనీతో సంఘం ఒప్పందం. కనుక ట్యాంకర్ లేదు.

గుడ్ల వ్యాపారి సదయ్యకు ఆ ట్యాంకర్ కావాలి. ఇల్లు రోడ్డు పక్కనే. భార్య సారవ్వ దగ్గుతో ఇప్పటికి మూడుసార్లు దవాఖానకు పోయి వచ్చింది.

"విచలనమంటే ఏంది ఉపేందర్?" అని సంస్థ ఉద్యోగిని అడిగాడు.

"ఒక్కొక్క రోజు సగటుకు ఎంత దూరం జరిగిందో చెప్పే లెక్క కాక. సున్నా అంటే ఒక్కరోజు గూడ జరగలే. గంత పక్కా పని మాది."

సదయ్య ముప్పై ఏళ్లుగా గుడ్లు అమ్ముతున్నాడు. ఒకే కోడి పెట్టినవైనా రెండు గుడ్లు ఒక్క తీరున తూగవు. అన్నీ సమానంగా తూగాయంటే అనుమానించాల్సింది కోడిని కాదు, కాటాను.

"మొన్న మూడు రోజులు ముసురు పట్టె గద. లారీలే నడువలె. గప్పుడు గూడ తొంభై ఎనిమిదేనా?"

"మూడు షిఫ్టులల్ల గదే."

"నైట్ షిఫ్టుల ఎవలు కొలిసిండ్రు?"

"మొదటి షిఫ్టులనే మూడు షిఫ్టులవి రాసి పెడ్త కాక. మా తాన పని ఆగది."

సభ గొల్లున నవ్వింది. సంస్థ చిన్నబుచ్చుకుని వారంలో సవరించిన రిపోర్టు తెచ్చింది. సగటు అదే. విచలనం మైనస్ ఏడు!

"గిదేందిర అయ్యా?"

"సున్నా మీద మీకు అనుమానమొచ్చె గద. ఇంకింత తగ్గించినం."

"దూరం సున్నా కంటె తగ్గుతదా? మా ఇంటి నుంచి మీ ఆఫీసుకు మైనస్ ఏడడుగులుంటదా? దుమ్ము కొలిసే మిషన్ చూపియ్యి."

ఉపేందర్ భక్తిగా పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాడు. అమ్మినవాళ్లు వేసిన సీలు వేసినట్టే ఉంది. పైన పాలిథిన్ కవరు, దాని మీద దుప్పటి.

"తెరువనే లేదా?"

"గీ దుమ్ముల ఎట్ల తెరుస్త కాక? ఒక్క దినంల ఖరాబైతది."

సదయ్య రిపోర్టును తిరగేసి, వెనక ఖాళీ పేజీ చూపించి, పెన్ను చేతికిచ్చాడు.

"గిదే ముక్క గీడ రాసి సంతకం పెట్టు."

'ఈ దుమ్ములో తెరిస్తే మిషన్ ఒక్క రోజులో పాడవుతుంది' అని ఉపేందర్ రాసి సంతకం పెట్టాడు. లారీల సంఘం అధ్యక్షుడు గట్టయ్య అది చదివి కంగారుపడ్డాడు. మరునాడు పొద్దున్నే ట్యాంకర్ వచ్చింది. సారవ్వ దగ్గు విని కాదు. అంత మంచి మిషన్ పాడైపోతే ఎట్లా!